ధాన్యం జాబితాలకు పైథాన్ చాలు

సంపాదకులకు,

ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో రైతుల పేర్లు, సర్వే నంబర్లు, తూకాలు సరిచూసే పని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు అప్పగించవచ్చు. లైసెన్సు ఖర్చు లేదు, చిన్న ప్రోగ్రాం చాలు.

జాగ్రత్త పడాల్సింది ఫైళ్ల దగ్గర. సీఎస్‌వీ ఫైలును (గడుల మధ్య కామాలుండే సాదా పట్టిక) నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే 5/2 అనే సర్వే నంబరు తేదీగా మారుతుంది. అలాగే సేవ్ చేస్తే అసలు నంబరు పోయినట్టే. పైథాన్‌లో ఇలాంటి ఫైళ్లు చదివే సీఎస్‌వీ మాడ్యూల్ మామూలుగా ప్రతి గడినీ అక్షరాలుగానే చదువుతుంది కాబట్టి 5/2 చెక్కుచెదరదు. అదే గుణం తూకాల దగ్గర ముంచుతుంది: 40కి 25 ప్లస్ గుర్తుతో కలిపితే 65 రాదు, 4025 వస్తుంది. ఎర్రర్ కూడా చూపదు! కూడేముందు ప్రతి తూకాన్నీ డెసిమల్‌గా, అంటే దశాంశ సంఖ్యగా మార్చాలి. తెలుగు పేర్లు ఎక్సెల్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తే, ఫైలు రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో భద్రపరిచే పద్ధతి) 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇవ్వాలి.

ఆ జాబితాను ఫోన్‌లో చూపాలంటే వెబ్ పేజీలు తయారుచేసే చిన్న పైథాన్ సాధనం ఫ్లాస్క్ సరిపోతుంది, అలాంటిదే పెద్దదైన జాంగో అవసరం లేదు. నెట్‌లో పెట్టేముందు డీబగ్ మోడ్ (ప్రోగ్రాంలో తప్పులు వెతికేందుకు వాడే అమరిక) తీసేయాలి. లేకుంటే బయటివాళ్లు సర్వర్‌లో కోడ్ నడిపే ప్రమాదం ఉంది. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఆ పేజీలోకి రానేకూడదు.

నల్లగొండ మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు డిగ్రీ ప్రాక్టికల్స్‌లో ఇలాంటి జాబితాలే అభ్యాసంగా ఇవ్వాలని కోరుతున్నాం.

– కంప్యూటర్ అధ్యాపకులు, నల్లగొండ