పొర పొరగా విడదీసి ఇచ్చినవాళ్లకు

నిన్న రాత్రి నా నవల చివరి వాక్యం రాశాను. రాసి, బల్ల మీదున్న మార్కాపురం పలక తీసుకుని బలపంతో "అయిపోయింది" అని రాసి కాసేపు చూసుకుంటూ కూర్చున్నా. రేపు ఇది అచ్చయితే అట్ట మీద నా పేరొక్కటే ఉంటుంది. కానీ 2021 నవంబరు వరదలప్పుడు కొంతమంది మనుషులు లేకుంటే ఈ నవల పెన్నలో కలిసిపోయేది. పుస్తకం మొదటిపేజీలో రెండు లైన్లు రాసి ఊరుకోవడం నాకు చేతకావడం లేదు.

నెల్లూరు వెంకటేశ్వరపురంలో మా ఇంటి వెనకగదిలో, కిటికీ కింద ఉంటుంది నా బల్ల. ఒకప్పుడు బడిలో పంతుళ్లు వాడినది. నాన్న రిటైరైన ఏడాది బడి సామాను వేలం వేస్తే పాటలో కొని రిక్షాలో తెచ్చాడు. దాని మీద నేను ఉంచుకునేవి ఎక్కువేం లేవు. నేను అక్షరాలు దిద్దిన పలక, చెక్క చట్రం ఓ మూల ఊడింది. రోజూ రాయడానికి కూర్చోగానే ముందు దాని మీద ఒక వాక్యం రాస్తాను. చెరిపేసే వాక్యం కాబట్టి భయం ఉండదు, చెయ్యి కదులుతుంది. ఉదయగిరి నుంచి తెచ్చుకున్న ఒక చెక్క గరిటె ఉంటుంది, పేజీల మధ్య గుర్తుకు పెట్టుకుంటాను. ఇక అన్నిటికంటే ముఖ్యం, అరచేయంత మైకా ముక్క, అంటే అభ్రకం.

అది మా అమ్మమ్మది. ఆమె సైదాపురం దగ్గర మైకా షెడ్డులో పని చేసింది. గూడూరు చుట్టుపక్కల గనుల్లో తవ్విన రాయిని షెడ్లకు తెస్తే ఆడవాళ్లు వరసగా కూర్చుని చిన్న కత్తితో పొరలు విడదీసేవాళ్లు. రేడియో వాల్వుల్లో, ఇస్త్రీపెట్టెల్లో, కరెంటూ వేడీ తట్టుకోవాల్సిన చోటల్లా ఆ పొరలే వేసేవాళ్లు. మా మైకాకు లేతాకుపచ్చ ఛాయ ఉంటుంది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పొర వెనక పొర కనిపిస్తూ పోతుంది, ఎన్నున్నాయో లెక్క తేలదు. నా నవల ఆ షెడ్డు ఆడవాళ్ల గురించే. రాయడం ముందుకు సాగనప్పుడల్లా ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, ఇంకో పొర ఉంది కదా అనుకునేదాన్ని. అట్లా ఆరేళ్లలో పధ్నాలుగు లాంగ్ నోటుబుక్కులు నిండాయి. వాటిని బల్ల కింద ట్రంకుపెట్టెలో దాచాను.

ఆ నవంబరు 18న చుట్టాల పెళ్లికి ఒంగోలు పోయాను. కార్తీక పున్నమి నాడు, 19న, కడప జిల్లాలో చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిందని టీవీలో చూశాం. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, ఆ నీళ్లన్నీ సోమశిల డ్యాముకు వస్తాయి. సోమశిల గేట్లు ఎత్తితే తర్వాత మేమే. తిరిగి వద్దామంటే దారి లేదు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది, హైవే మీద నీళ్లు పారుతున్నాయి. ఒంగోలులో ఫోను పట్టుకుని కూర్చోవడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

మా ఇంటి తాళంచెవి ఒకటి ఎదురింటి వదిన దగ్గర ఉంటుంది. 20న వీధిలోకి నీళ్లొచ్చినప్పుడు వదినా, అన్నా, వాళ్లబ్బాయీ తలుపు తీసి ముందు వెనకగదిలోకి పోయారు. "అత్త బల్ల" అని ముగ్గురూ దాన్ని మోసుకుని మిద్దె ఎక్కించారు. పలక, గరిటె, మైకా ముక్క దుప్పట్లో మూటకట్టి వదిన తన ఒళ్లో పెట్టుకుని రాత్రంతా మిద్దె మీదే కూర్చుంది. ట్రంకుపెట్టె కోసం మళ్లీ దిగేసరికి గదిలో నడుములోతు నీళ్లు. అయినా ఆ అబ్బాయి పెట్టె పైకి తెచ్చాడు. అందులోకి అప్పటికే నీళ్లు పోయాయి.

ఒక సంగతి నాకు రెండు నెలల దాకా తెలియలేదు. మా బల్ల మోసే సమయానికి వాళ్లింట్లో కొత్త బియ్యం నాలుగు బస్తాలు నేల మీదే ఉన్నాయి. ఫ్రిజ్జు కూడా కిందే ఉంది. అవి పోయాయి. ఈ మాట వాళ్లు నాతో చెప్పలేదు, పక్కవీధి ఆమె చెప్పింది. అడిగితే వదిన, "బియ్యం కొనుక్కోవచ్చులే అమ్మి, నువ్వు రాసింది యాడ కొంటాం" అంది. ఆ మాట విన్నాక ఈ నవల మానేసే హక్కు నాకు లేదనిపించింది.

ఒంగోలు నుంచే నాకు తెలిసిన ఒక సారుకు ఫోన్ చేశాను. లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఏడుస్తూ చెబుతుంటే మధ్యలో ఆపి అడిగారు. "ఎండలో పెట్టారా? పేజీలు తెరిచారా?" లేదన్నాను. "తెరవనీయద్దు. తడి కాగితానికి రెండు రోజుల్లో బూజు పడుతుంది. గడ్డకట్టించేస్తే బూజు ఆగుతుంది, సిరా పాకడమూ ఆగుతుంది. తర్వాత మన వీలును బట్టి ఆరబెట్టుకోవచ్చు" అన్నారు. పధ్నాలుగు నోటుబుక్కుల్ని గడ్డకట్టించే ఫ్రిజ్జు ఎవరింట్లో ఉంటుంది? వదిన కొడుకు రొయ్యల ప్లాంటులో పని చేస్తాడు. ఎవరూ అడగకముందే, "మా కోల్డ్ స్టోరేజీ మైనస్ 18లో ఉంటది, దిగులు పడబాక అత్తా" అన్నాడు. సూపర్‌వైజరును బతిమాలి, ఒక్కో పుస్తకాన్ని రెండేసి పాలిథిన్ కవర్లలో చుట్టి, థర్మాకోల్ పెట్టెల్లో సర్ది లోపల పెట్టాడు. పెట్టె మీద స్కెచ్ పెన్నుతో "మా అత్త నవల. ఎవరూ తీయొద్దు" అని రాశాడు. ఆ మూత ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఆ సూపర్‌వైజరు గారికి, రోజూ ఆ పెట్టెల్ని తప్పించి రొయ్యలు పేర్చుకున్న హమాలీలకు కూడా నేను రుణపడి ఉన్నాను. వాళ్లలో ఒక్కరి ముఖమూ నేను చూడలేదు.

బురద కడిగి, ఇల్లు ఆరి, డిసెంబరులో రెండేసి పుస్తకాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాం. మంచు కరిగాక పేజీలు అట్టల్లా అతుక్కుని ఉన్నాయి. నేను లాగితే చిరుగుతున్నాయి. అప్పుడు వచ్చింది సైదాపురం నుంచి మా పెద్దమ్మ. అమ్మమ్మతో పాటు పద్నాలుగో ఏట షెడ్డులో కూర్చున్న మనిషి, చదువు రాదు. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని ముందు అంచు తడిమి చూసింది. "ఫ్యాను కట్టెయ్. పొర లేచేటప్పుడు గాలి తగలకూడదు. షెడ్డులో తలుపులు కూడా వేసేవోళ్లం" అంది. కత్తి ఇస్తే వద్దంది, ఇనుము కోసేస్తుందట. బల్ల మీద ఉదయగిరి గరిటె కనిపిస్తే తీసుకుని, దాని పలచటి కాడను మూలలో దూర్చి, ఊపిరి బిగబట్టి, వేలితో అంగుళం అంగుళం లేపింది. పేజీ పేజీగా ఊడొచ్చింది. విడిపోయిన పేజీల మధ్య నేను పాత దినపత్రికల కాగితం పెట్టి, ఆ తర్వాత ఫ్యాను వేసి నీడలో ఆరబెట్టేదాన్ని. సారు చెప్పినట్టు తడిసిన కాగితాలు పూటపూటకూ మార్చాం. సంక్రాంతి దాకా ఇదే పని.

ఒకరోజు ఆమె అడిగింది. "ఇందులో ఏం రాసినావు, చదువు." షెడ్డులో పనిచేసే ఘట్టం చదివాను. అందులో ఆడవాళ్లు తెరిచిన కిటికీల దగ్గర, గాలి వీస్తుంటే కూర్చుని పాటలు పాడుతూ పొరలు తీస్తుంటారు. పెద్దమ్మ నన్ను చూసి, "గాలొస్తే పని యాడ సాగుద్ది? చెమటతో తడిసి ముద్దయ్యేవోళ్లం. పాట పాడితే ఊపిరికి పొర ఎగురుద్ది" అంది. అమ్మమ్మ ముక్కను అన్నేళ్లు కిటికీకి ఎత్తి చూసుకున్నాను కానీ ఆ మూసిన తలుపుల ఉక్క నాకు తట్టనే లేదు. ఆ ఘట్టం కొట్టేసి మళ్లీ రాశాను. నవలలో నేను బాగా రాశానని నమ్మే చోటు ఏదైనా ఉంటే అదే. అది పెద్దమ్మది.

బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి. మూడో పుస్తకంలో నలభై పేజీలు ఇంకుపెన్నుతో రాశాను, అవి నీలిమరకలయ్యాయి. వాటిని రాస్తున్న రోజుల్లో కావలిలో హాస్టల్లో ఉన్న మా మేనకోడలికి రాత్రిళ్లు వాట్సాప్‌లో చదివి పంపేదాన్ని. అవన్నీ ఆ పిల్ల ఫోనులో భద్రంగా ఉన్నాయి. పరీక్షలు పెట్టుకుని కూడా విని, ఆపి, మళ్లీ విని టైపు చేసి ఇచ్చింది. తిక్కన చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాశాడని మా నెల్లూరులో చెప్పుకుంటాం. నేను తిక్కననంటే పాపం, కానీ ఈ పిల్ల నాకు గురునాథుడే. నేను దగ్గిన చోట "అత్త దగ్గింది" అని కూడా టైపు చేసి పెట్టింది.

వదిన గురించి ఇంకొక్క మాట. 2022 రొట్టెల పండక్కి ఆమె బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి నా కోసం రొట్టె పట్టింది. అక్కడ ఏ కోరిక ఉన్నవాళ్లు ఆ పేరుతో రొట్టె పడతారు. పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతానం రొట్టె ఉన్నాయి కానీ నవల రొట్టె లేదు. అందుకని చదువు రొట్టె పట్టి, తెచ్చి నాతో తినిపించింది. కోరిక తీరినవాళ్లు మళ్లీ అదే చెరువుకు పోయి, అదే కోరికతో వచ్చినవాళ్లకు రొట్టె ఇవ్వాలి. వచ్చే మొహర్రానికి వదినతో పాటు నేనూ పోతున్నా. రొట్టెలు నేనే చేస్తాను. మీలో ఎవరికైనా మొదలుపెట్టి ఆగిపోయిన నవల ఉంటే చెరువు గట్టున మా ఇద్దరినీ వెతుక్కోండి.