అది మొలలు కాదు, భగందరం

సంపాదకులకు,

మలద్వారం పక్కన గడ్డ లేచి, పగిలి, చీము కారి, మానినట్టే మాని మళ్లీ కారుతుంటే అది మొలలు కాదు, చాలావరకు భగందరమే. (ఊరూరా బోర్డులు పెట్టినవాళ్లు రెండింటికీ ఒకటే సూది వేస్తారు!) లోపలి గ్రంథిలో పుట్టిన చీము చర్మం దాకా తవ్వుకున్న సొరంగమిది. పైరంధ్రం మూసుకున్నా లోపలిది ఉన్నంతకాలం తిరగబెడుతుంది.

సొరంగం దారి చూడటానికి దూర్చే సన్నని లోహపు పుల్లను (శలాక) బలంగా తోస్తే లేని దారి పడుతుంది. తిరగబెట్టిన కేసుల్లో ముందు ఎమ్మారై తీయించాలి. పక్కదారులు, దాగిన చీము, బిగింపు కండరాన్ని ఎంత మేర దాటిందీ అందులో తెలుస్తాయి. ఆ కండరం ఎక్కువ తెగితే మలంపై పట్టు పోతుంది.

క్షారసూత్రాన్ని, అంటే ఆ సొరంగం గుండా మందు పూసిన దారం వేసి కట్టే ఆయుర్వేద పద్ధతిని, నాటువైద్యమని కొట్టిపారేయక్కర్లేదు. 20వ నంబరు నార దారానికి ఉత్త జెముడు పాలు 11 పూతలు, ఆ పాలతో ఉత్తరేణి క్షారం (ఆ మొక్క బూడిద నుంచి తీసిన ఉప్పు) 7, పసుపు 3. ఒకటి ఆరాకే మరొకటి. వారానికోసారి దారం మారుస్తారు. 1991లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనంలో దీనితో తిరగబెట్టింది 4 శాతం, ఆపరేషన్‌తో 11. మానడానికి మాత్రం 8 వారాలు, ఆపరేషన్‌కు 4.

ఎంతకీ మానకపోతే టీబీ, క్రోన్స్ (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు) అనుమానించి ముక్క తీసి బయాప్సీకి పంపాలి. ఆ పని చాలాచోట్ల జరగడం లేదు.

ఇట్లు,
శస్త్రచికిత్స వైద్యులు, గుంటూరు