స్వర్ణాల చెరువు పక్షుల కోసం: నెల్లూరు నగరపాలక సంస్థ కమిషనర్‌కు బహిరంగ లేఖ

కమిషనర్ గారూ,

స్వర్ణాల చెరువు గట్టు మీద చలికాలం ఆదివారాల్లో, నడుస్తూ పక్షుల్ని చూసి ఫొటోలు తీసుకునే ‘పక్షుల నడక’ పెట్టించండి. ఉదయం 6 నుంచి 8 దాకా చాలు. ఎండెక్కితే నీటి మీద గాలి అల్లాడి ఫొటో మసకబారుతుంది.

గుంపుకు 12 మంది మించొద్దు. సూర్యుడు వీపు వెనకుండాలి. లకుముకిపిట్ట నీళ్లలోకి దూకేటప్పుడు కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతు కన్నా తగ్గితే ఫొటోలో రెక్కలు చెదురుతాయి. వెలుతురు చాలకుంటే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచాలి, ఫ్లాష్ వద్దే వద్దు.

ఫోన్లో కూతలు వినిపించి పక్షుల్ని పిలవడం నిషేధించండి. పోటీదారు వచ్చిందనుకుని పక్షి గూడొదిలి వస్తుంది. ఆ సందులో కాకులు గుడ్లెత్తుకుపోతాయి!

మరొకటి, ఇదే ముఖ్యం. గట్టు శుభ్రం చేసేటప్పుడు గుర్రపుడెక్క తీయించండి గానీ, ఒడ్డు వెంట జమ్ము మొత్తం కోయించొద్దు. నీటికోళ్లు ఎక్కువగా గూడు కట్టేది అందులోనే.

ఇట్లు,
నెల్లూరులో పక్షుల్ని చూసే కొందరం