అంకెలను అచ్చువేస్తే చాలదు, అమర్చాలి

సంపాదకులకు,

అయ్యా,

గత వారం మీ పత్రిక లోపలి పేజీలో వచ్చిన వర్షపాతం పట్టిక గురించి ఈ లేఖ రాస్తున్నాను. ప్రాంతాల పేర్లను అక్షర క్రమంలో పేర్చి, ప్రతి అంకెనూ రెండు దశాంశాల వరకు సాగదీసి, సాధారణ వర్షపాతాన్ని ఒక చివర, ఈ ఏడాది కురిసినదాన్ని మరో చివర వేశారు. లోటు ఎక్కడ ఎక్కువో తెలియాలంటే పాఠకుడు పెన్సిలు పట్టుకుని తీసివేతలు చేసుకోవాలి. అక్షర క్రమం పేరు వెతుక్కోవడానికి పనికొస్తుంది గానీ పోలికకు పనికిరాదు. లోటు శాతాన్ని బట్టి వరుసలు మార్చి, పోల్చవలసిన రెండు అంకెలనూ పక్కపక్కన ఉంచి, దశాంశాలు తీసేసి, అడుగున సగటు ఇచ్చి ఉంటే వాన ఏ ప్రాంతాలకు మొహం చాటేసిందో చూడగానే తెలిసేది. నదికి ఎగువ నుంచి దిగువకు పేర్చి ఉంటే జలాశయాల పరిస్థితి కూడా కొంత అర్థమయ్యేది. ఇవి కొత్త సంగతులు కావు; అంకెలను కుదించాలని, వరుసలను పరిమాణాన్ని బట్టి పేర్చాలని గణాంకవేత్త ఎహ్రెన్‌బర్గ్ 1977లోనే వివరంగా రాశారు.

పక్కన వేసిన 'పై చార్టు', అంటే వృత్తాన్ని ముక్కలుగా కోసి వాటాలు చూపే చిత్రం, మరీ అన్యాయం. వేర్వేరు ప్రాంతాల మిల్లీమీటర్లను కూడితే వచ్చే మొత్తానికి అర్థమే లేనప్పుడు, అందులో ఒక్కో ప్రాంతం వాటా ఎంతని చూపడం ఏమిటి? పైగా దాన్ని పళ్లెంలా వాల్చి గీయడంతో ముందువైపు ముక్కలు ఉన్నదానికన్నా పెద్దవిగా కనిపించాయి. ఒకే ఆధార రేఖ మీద నిలిపిన కమ్మీలను (బార్లను) పోల్చినంత కచ్చితంగా మన కన్ను కోణాలను పోల్చలేదని గణాంకవేత్తలు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లో ప్రయోగాలతో చూపించారు.

తప్పంతా పత్రికదే అనను. ప్రభుత్వ కార్యాలయాలు పట్టికలను స్కాన్ చేసిన కాగితాలుగా విడుదల చేస్తున్నాయి. వాటిలో వరుసలు మార్చాలంటే ప్రతి అంకెనూ మళ్లీ ఎక్కించుకోవాలి. సమాచారం ఇచ్చామని అధికారులు చెప్పుకుంటారు, అది అర్థమయ్యేలా ఉండాలన్న పట్టింపు మాత్రం ఎవరికీ లేదు. క్రిమియా యుద్ధంలో సైనికులను గాయాలకన్నా నివారించదగిన వ్యాధులే ఎక్కువగా చంపాయని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో నెలలవారీ చిత్రాలు గీసి పాలకుల ముందు పెట్టారు. ఆ మాత్రం శ్రద్ధ ఇప్పటి కార్యాలయాలకు ఎందుకు కరువైంది? పంట వేయాలా వద్దా అన్న నిర్ణయం ఈ అంకెల మీదే ఆధారపడిన వారున్నారు.

అదే పట్టికను లోటు క్రమంలో మార్చి మళ్లీ ప్రచురించండి. పై చార్టును తొలగించి, సాధారణ వర్షపాతాన్ని ఒక గీతగా చూపే కమ్మీల చిత్రం వేయండి. స్కాన్ కాగితాలకు బదులు అసలు ఫైళ్లు ఇవ్వాలని కార్యాలయాలను మీ పత్రిక తరఫున అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు