దయ్యాన్ని పిల్లల చేతే వేయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

అక్టోబర్ 31న హాలోవీన్, అంటే దయ్యాల వేషాలు వేసుకునే పాశ్చాత్య పండుగ. ఆ వారం దగ్గర పడేసరికి చాలా స్కూళ్లలో చిన్న తరగతుల పిల్లలకు ఒక వాటర్ కలర్ ప్రాజెక్ట్ ఇస్తుంటారు. దయ్యమో, గబ్బిలమో, నిండు చంద్రుడి ముందు ఆకులు రాలిన చెట్టో వేసి తెమ్మంటారు. ఇదెందుకు మళ్లీ అని విసుక్కునే తల్లిదండ్రులు ఉన్నారు, పిల్లలు జడుసుకుంటారని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఇది చాలా ఇష్టమైన ప్రాజెక్ట్. పసిపిల్లలకు ఇచ్చే బొమ్మల పనుల్లో ఇంత మంచిది ఇంకొకటి నాకు కనపడలేదు. నా బాధల్లా దాన్ని పిల్లల చేతుల్లోంచి పెద్దవాళ్లం లాక్కుంటున్నందుకే.

కిందటేడు మా అమ్మాయి రెండో తరగతి. అప్పట్లో రోజూ పడుకునే ముందు మంచం కింద టార్చి వేసి చూపిస్తే తప్ప కళ్లు మూసేది కాదు. ప్రాజెక్ట్ ఇచ్చిన ఆదివారం నేల మీద పాత పేపర్లు పరుచుకుని కూర్చుంది. మంచం కింద ఉండే దయ్యాన్నే వేస్తానంది. ముందు షీటంతా నీళ్లతో తడిపి, మధ్యలో నీలం రంగు బొట్టు పెట్టింది. రంగు దానంతటదే పాకుతూ పోయి, అంచుల్లో పాయలు పాయలుగా విడిపోయింది. "అమ్మా, నేనేం చేయట్లేదు, అదే వస్తోంది చూడు" అని గుసగుసగా అంది. తడి ఆరకుండానే నల్లరంగుతో కళ్లు పెట్టేసరికి ఒక కన్ను జారిపోయి బుగ్గ దాకా వచ్చింది. అయ్యో అని టిష్యూ అందుకోబోయాను. వద్దని నా చేయి పట్టుకుంది. "ఏడుస్తోందమ్మా. దానికి కూడా చీకటంటే భయమే" అంది. ఆ రాత్రి టార్చి అడగలేదు.

రెండు రోజులకు ఆ బొమ్మ డైరీలో మడత పెట్టి వెనక్కి వచ్చింది. "నీట్‌గా లేదు. మళ్లీ వేయించి పంపండి" అని రాశారు. తర్వాత స్కూలుకి వెళ్లినప్పుడు గోడకు అంటించినవి చూశాను. సగం ఒకే ప్రింటవుట్ మీద గీత దాటకుండా నింపిన గుమ్మడికాయలు. మిగతా వాటిలో నీడలు, వెలుగులు ఎంత చక్కగా కుదిరాయంటే, అవి ఏడేళ్ల పిల్లలు వేసినవి కావని ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ తల్లిదండ్రుల్ని నేనేమీ అనను. నీట్‌గా లేకపోతే వెనక్కి వస్తుందని తెలిశాక ఎవరికైనా టెన్షనే. రాత్రి పదింటికి కూర్చుని తామే వేసి పంపుతారు.

వాటర్ కలర్ సంగతి కాస్త తెలిస్తే ఆ "నీట్‌గా" అన్న మాట ఎవరూ రాయరు. ఈ రంగుల్లో రంగు పొడిని పట్టి ఉంచేది ఒక రకం తుమ్మజిగురు. నీళ్లు తగలగానే అది కరుగుతుంది, రంగు నీళ్లతో పాటు ఎటు పడితే అటు ప్రయాణం చేస్తుంది. పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కింద వేసింది పైకి కనపడుతూనే ఉంటుంది. తెల్లరంగు అనేది దాదాపు వాడరు, కాగితం తెలుపే తెలుపు. తప్పు పడితే రబ్బరుతో చెరపడం కుదరదు. ఇలాంటి రంగుతో పువ్వుల కుండీ వేయమంటే చిన్నపిల్లలు ఏడ్చేస్తారు. అదే రంగుతో పొగమంచు, చీకటి, మబ్బు చాటు చంద్రుడు, దయ్యం వేయమంటే చూడండి, పాకిన ప్రతి మరకా పనికొస్తుంది. భయం పుట్టించే బొమ్మకీ ఈ రంగుకీ అంత బాగా కుదురుతుంది. ఇంత మంచి జోడీని తీసుకొచ్చి ఔట్‌లైన్ ప్రింటవుట్‌లో బిగిస్తే ఏం లాభం? దానికి క్రేయాన్లు చాలు.

పిల్లలకు నేర్పాల్సింది గీత దాటకపోవడం గురించి అయితే వేరే విషయం. ఇక్కడ నేర్చుకోవడానికి ఎన్ని ఉన్నాయి! తెల్ల కాగితం మీద కొవ్వొత్తితో సాలెగూడు గీసి, పైన ఊదారంగు పూస్తే మైనం ఉన్నచోట నీళ్లు నిలవవు, కనపడని గూడు ఒక్కసారిగా తెల్లగా బయటపడుతుంది. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూసి తీరాలి. తడి రంగు మీద చిటికెడు కల్లుప్పు చల్లి, ఆరేదాకా ఆగి దులిపేస్తే రాత్రి ఆకాశంలో చుక్కల్లాంటి మచ్చలు మిగులుతాయి. పలచటి నల్లరంగు బొట్టును స్ట్రాతో ఊదితే కొమ్మలు వాటంతటవే చీలుతూ ఎండుచెట్టు అవుతుంది. పసుపు మీద తడి ఆరకుండా ఊదా వేస్తే మట్టిరంగు తేలుతుంది. పిల్లలు అది ఒక్కసారి చూస్తే చాలు, లేత రంగు ముందు, ముదురు తర్వాత, మధ్యలో ఆరనివ్వాలి అన్నది ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

కాగితం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సగం గొడవ దాంతోనే. జిరాక్స్ కాగితం 70, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉంటుంది. తడి తగలగానే ఉబ్బి వంకర్లు పోతుంది, రెండోసారి బ్రష్ పెడితే నూగు లేస్తుంది. పిల్లలు తమకే చేతకాలేదనుకుంటారు. 300 జీఎస్‌ఎం వాటర్ కలర్ షీటు ఒకటి నాలుగు ముక్కలు చేసి ఇచ్చినా చాలు. చిన్న బొమ్మైతే తొందరగా పూర్తవుతుంది కూడా.

పిల్లలు భయపడతారన్న వాళ్లకు ఒక మాట. ఐదారేళ్ల వయసులో చీకటంటే, దయ్యాలంటే భయం ఉండడం సహజం. ప్రాజెక్ట్ వచ్చి కొత్తగా పెట్టేది కాదది. అయినా దయ్యం వద్దన్న పాపను బలవంతపెట్టకూడదు, గుడ్లగూబో చంద్రుడో వేసుకోనివ్వాలి. ఫోన్‌లో పెద్దవాళ్ల హారర్ బొమ్మలు వెతికి నమూనాగా చూపించడం మాత్రం దయచేసి మానండి. దానికి బదులు గబ్బిలం వేసే రోజున గబ్బిలాల గురించి చెప్పండి. ప్రపంచంలో 1,400కు పైగా గబ్బిలం జాతులున్నాయి, వాటిలో రక్తం తాగేవి మూడే. మిగతావి చాలావరకు పురుగులో, పళ్లో తిని బతుకుతాయి. అది విన్నాక పిల్లలు గబ్బిలానికి నవ్వుమొహం పెడతారో కోరలే పెడతారో, అది వాళ్లిష్టం.

స్కూళ్ల వారికి నా విన్నపం ఒక్కటే. ఈ ప్రాజెక్ట్‌ను ఇంటికి పంపకండి. క్లాసులోనే, రెండు రోజులు వరసగా ఒక్కో పీరియడ్ ఇవ్వండి. మొదటి రోజు తడి పని, ఆరాక మర్నాడు కళ్లు, కొమ్మలు. బ్రష్ కడిగే నీళ్లు, తాగే నీళ్లు వేరువేరు చోట్ల పెడితే చాలు, పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. బహుమతులు పెట్టకండి. అందరివీ గోడకెక్కించండి.

మీ పత్రికకూ ఒక విన్నపం. మీ పిల్లల పేజీలో ఈసారి అక్టోబర్ చివరి వారం బొమ్మలు వేసేటప్పుడు చక్కగా ఉన్నవే ఏరకండి. రంగు కారిపోయినవి, వేలిముద్రలు పడ్డవి కూడా వేయండి. కింద పేరు, తరగతితో పాటు ఆ బొమ్మ గురించి పిల్లలు చెప్పిన ఒక్క వాక్యం అచ్చువేయండి.

మేం ఆ బొమ్మను మళ్లీ వేయించలేదు. మడతలు పడ్డ ఆ నీలం దయ్యం ఏడాదిగా మా బీరువా తలుపు మీదే ఉంది. మీరు సరేనంటే దాన్నే మొదట పంపుతాను. కింద వేయాల్సిన వాక్యం మా అమ్మాయి అప్పుడే చెప్పేసింది.

ఇట్లు,
ఒక మూడో తరగతి పాప తల్లి