కొనేవాళ్ల మొహం

విజయనగరం

చిరంజీవి నాన్నకి, అమ్మ ఆశీర్వదించి రాసేది.

నువ్వు తయారుచేసిన ఆట మీద వచ్చాయని పంపిన రివ్యూలు నాలుగూ చదివాను. నాకు అర్థం కాని చోట చెల్లి చెప్పింది. ‘చూడముచ్చటగా ఉంది కానీ కాసేపటికి విసుగొస్తోంది’ అన్న మాట పట్టుకుని నువ్వు మూడు రోజులుగా సరిగ్గా నిద్రపోవడం లేదని కూడా అదే చెప్పింది. ఫోన్లో అయితే ‘సరేలే అమ్మా’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు మూన్‌లైటర్ అనే వీడియో గేమ్ నేర్పించావు కదా. పగలు కొట్టు నడుపుకుంటూ, రాత్రి గుహల్లోకి దిగి సరుకు తెచ్చుకునే విల్ అనే కుర్రాడి ఆట. నువ్వు వెళ్లాక కూడా ఆడుతూనే ఉన్నాను. అందులో కొత్త వస్తువుకి ధర ఎంతో ఎవరూ చెప్పరు. మనమే ఒకటి పెట్టి, కొనేవాళ్ల తల మీద కనిపించే మొహం బొమ్మ చూసుకోవాలి. వెలిగిపోతే చవగ్గా ఇచ్చేశామని, ముడుచుకుంటే ఎక్కువ చెప్పామని. గంటస్తంభం దగ్గర మన కొట్లో ఇన్నేళ్లుగా నేను చేస్తున్నది అదే కదా! బుడితి ఇత్తడి చెంబు చేతికిస్తే కొనే మనిషి ముందుగా దాని అడుగుభాగం తిప్పి చూస్తుంది. మెటికతో ఓ దెబ్బ కొట్టి మోత వింటుంది. ఆ తర్వాతే ధర అడుగుతుంది. ధర చెప్పేటప్పుడు నేను ఆవిడ బొటనవేలే చూస్తాను. చెంబు అంచు మీద నుంచి అది కదలకపోతే బేరం కుదిరినట్టే. ఆ ఆట చేసిన డిజిటల్ సన్ వాళ్లది స్పెయిన్‌లో వాలెన్సియా అట. వాళ్లకి ఈ సంగతి తెలిసినందుకు నాకెంత సంతోషమేసిందో.

2018 మేలో ఆ ఆట వచ్చినప్పుడు విమర్శకులు కొట్టునీ గుహనీ ముడివేసిన తీరు మెచ్చుకున్నారని, బొమ్మలూ సంగీతం బాగున్నాయన్నారని నువ్వే చెప్పావు. సగం దాటాక చేసిందే చేయాల్సి వస్తోందని, యుద్ధంలో లోతు లేదని కూడా చాలామంది అన్నారట. నాకు కొట్టు ఒక్క రోజూ విసుగనిపించలేదు. గుహల సంగతి మాత్రం వాళ్లు చెప్పింది నిజం. మొదటి గుహలో సంచి సర్దడానికే ఎంత ఆలోచించానో! శాపం ఉన్న వస్తువులు కొన్ని పక్కదాన్ని పాడుచేస్తాయి, కొన్నింటిని అంచునే పెట్టాలి. ఓడిపోతే పై వరసలో ఉన్నవి తప్ప మిగతావన్నీ పోతాయి. ఎడారి గుహకి వచ్చేసరికి కొత్త శత్రువులు వచ్చారు, నా చేతి పని మాత్రం మారలేదు. ఆ తర్వాత ఆట చేసినవాళ్లు మనతోపాటు పోరాడే జీవుల్ని ఉచితంగా చేర్చారు, 2019లో ఇంకో గుహ కూడా తెచ్చారు. అంత పేరొచ్చిన ఆటకే పని మిగిలి ఉంది నాన్నా.

ఇంకొకటి. ‘విసుగు’ అని రాసినవాళ్లు నీ వస్తువుని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసినవాళ్లు. నచ్చనివాళ్లు గుమ్మంలోంచే వెళ్లిపోతారు.

నీ ఆట నేనూ మొదటి నుంచి చివరిదాకా ఆడాను. వానలో ఆ పిల్ల గట్టు మీద కూర్చుంటే కప్ప తామరాకు ఎత్తి పట్టుకుంటుంది చూడు, అక్కడ నాకు కళ్లు చెమర్చాయి. ఎవరేమన్నా దాన్ని మార్చకు. కానీ మందులమ్మే మామ్మ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లినా ‘జాగ్రత్త తల్లీ’ అనే అంటుంది. పదోసారి వెళ్లేసరికైనా ఆ పిల్ల ఆవిడకి గుర్తుండొద్దా? పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి ఏడాదికోసారి పల్లెల నుంచి వచ్చేవాళ్లని కూడా, ‘కిందటేడు పట్టుకెళ్లిన బిందె ఎలా ఉందమ్మా?’ అని అడుగుతాను నేను. రోజూ అదే షట్టరు ఎత్తుతున్నా, అవే గిన్నెలు తుడుస్తున్నా నాకు విసుగు రాదంటే వచ్చే మనుషుల వల్లే. నీ ఆటలో ఆ పిల్ల రోజూ అదే దారిన వెళ్లనీ, పరవాలేదు. ఎదురయ్యేవాళ్లు దాన్ని గుర్తుపట్టాలి.

ముందు కడుపునిండా తిని పడుకో. తర్వాత ఆ మామ్మకి రెండో మాట రాయి. ఆదివారం రాత్రి కొట్టు కట్టేశాక ఫోన్ చేస్తాను, ఏమంటుందో చదివి వినిపించు.

అమ్మ