లైసెన్సు ఒకరిది, గోతిలోకి దిగేది ఇంకొకరు

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. తిరుపతిలో కొళాయి కనెక్షన్లు, భూగర్భ డ్రైనేజీ పనులు చేసుకుని బతికే చిన్న కాంట్రాక్టరును. లైసెన్సుల మాటెత్తితే మావాళ్లు మూతి ముడుచుకుంటారు, ఉన్న కాగితాలు చాలవా అని. నిజమే, కాగితాలకు కొదవ లేదు. ఆర్థిక స్తోమత చూపే సాల్వెన్సీ సర్టిఫికెట్టు, పన్ను పత్రాలు, పాత పనుల వివరాలు అన్నీ ఇస్తాం. పైపు అతికే మనిషికి పని వచ్చా రాదా అని మాత్రం వాటిలో ఏదీ అడగదు.

జాతీయ భవన నిర్మాణ నియమావళి (2016) తొమ్మిదో భాగం ప్లంబింగ్ గురించే. లైసెన్సున్న ప్లంబరే ఆ పని చేయాలని అది చెబుతోంది. ఆ లైసెన్సు ఇప్పుడు ఎక్కువగా దరఖాస్తు మీద సంతకానికే పనికొస్తోంది. పని చేతులు మారుతూ పోయి, చివరికి పొద్దున అడ్డా మీద దొరికిన కుర్రవాడి దగ్గర తేలుతుంది.

ఈమధ్య ఒక వీధిలో నీళ్లు వాసన వస్తున్నాయంటే వెళ్లి తవ్వించాను. మురుగు ఛాంబరు గోడకు రెండు వైపులా బొక్క కొట్టి, ఇంటి కొళాయి పైపును అందులోంచే లాగేశారు. చుట్టు తిప్పితే నాలుగు మూరల పైపు ఎక్కువ పడుతుంది, అంతే. జాయింటు సరిగ్గా ఛాంబరు లోపల పడింది, దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి వదిలేశారు. నీళ్లు వదిలినంతసేపు ఆ జాయింటు బయటికి కారుతుంది. సరఫరా ఆగి పైపు ఖాళీ అవుతుంటే అదే కంతలోంచి మురుగును లోపలికి పీలుస్తుంది. వేళకు మాత్రమే నీళ్లొచ్చే ఊళ్లలో ఈ ప్రమాదం ప్రతిరోజూ ఉంటుంది. కల్యాణి డ్యామ్ నీటినీ, కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీటినీ శుద్ధి చేసి ఊళ్లోకి తెచ్చి, ఇంటి ముందు పది అడుగుల్లో పాడుచేసుకుంటున్నాం.

మంచినీటి లైను మురుగు లైనుకు 3 మీటర్ల దూరంలో ఉండాలనీ, వీలుకాకపోతే కనీసం అర మీటరు పైన పోవాలనీ నీటి సరఫరాపై కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ చెబుతుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గరి సందుల్లో 3 మీటర్లు ఎక్కడ దొరుకుతాయి? అలాంటి చోటే ఆ అర మీటరు విలువ తెలిసిన మేస్త్రీ కావాలి.

అందుకే రోడ్డు తవ్వే అనుమతి పత్రం మీద కాంట్రాక్టరు పేరుతోపాటు గోతిలో పనిచేసే ఫిట్టరు పేరు, లైసెన్సు నంబరు కూడా రాయించండి. జాయింటు చూసి ఒత్తిడి పరీక్ష చేసేదాకా గోతి పూడ్చనివ్వకండి. లైసెన్సు పరీక్ష హాల్లో కాదు, గోతి దగ్గర పెట్టండి. సంతకం కూడా రాకపోయినా తీగ కట్టి డ్రైనేజీ పైపు వాటం కచ్చితంగా పట్టే పెద్ద మేస్త్రీలు మా ఊళ్లో ఉన్నారు. రాత పరీక్ష పెడితే ముందు పోయేది వాళ్లే.

ఇంకొకటి, దీన్ని మాలాంటివాళ్లు పైకి అనరు. నడుస్తున్న మ్యాన్‌హోల్‌లోకి కొత్త ఇంటి లైను కలపడానికి కూడా మనిషిని ఉత్త చేతులతో దింపుతున్నారు. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం, రక్షణ సామగ్రి లేకుండా మురుగు శుభ్రం చేయించడాన్ని కూడా నిషేధించింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 2014లో 10 లక్షలన్న సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. లోపలి విషవాయువుకు శుభ్రం చేసేవాడు, పైపు కలిపేవాడు అన్న తేడా ఉండదు. గ్యాసు పరీక్షించకుండా మనిషిని దింపిన కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ రద్దు కావాలి, అది నేనైనా సరే.

అయితే అనుమతికి గడువు కూడా కట్టండి. దరఖాస్తు వారాల తరబడి బల్ల మీద ఉంటే జనం రాత్రిపూట తవ్వుకుంటారు, తెల్లారేసరికి మట్టి కప్పేస్తారు. సొంత డబ్బుతో వేసుకునే ఇంటి కనెక్షనుకు వారం చాలు. ఆలోపు ఇంజినీరు వచ్చి చూడకపోతే, ఎందుకు రాలేదో రాతపూర్వకంగా చెప్పాలన్న నిబంధన పెట్టండి.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక చిన్న కాంట్రాక్టరు